పందొమ్మిదో శతాబ్దం అర: 8, 9, 10 తరగతులకు ఏ పుస్తకాలు?

అలమార_అక్క
హైస్కూల్ లైబ్రరీలో ఒక అర ఖాళీ చేశాను. 1801 నుంచి 1900 దాకా జరిగే కథలే అందులో ఉండాలని షరతు. సోషల్లో కంపెనీ పాలన, 1857, సంఘసంస్కరణ పాఠాలు నడిచేటప్పుడు పిల్లల చేతికి అందేలా అన్నమాట. మొత్తం 25 దాకా, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. చిత్తు జాబితా ఇది: కన్యాశుల్కం, ఆనందమఠం, బారిష్టరు పార్వతీశం, ఆలివర్ ట్విస్ట్, ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్, ట్రెజర్ ఐలాండ్, అరౌండ్ ది వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్, హకల్‌బెరీ ఫిన్, లే మిజరాబ్ల్. ఏవి తీసెయ్యాలో, ఏవి చేర్చాలో చెప్పండి. "అన్నీ మంచివే" అనే జవాబు మాత్రం వద్దు. క్లాసిక్స్ అని బోర్డు పెట్టిన అరలో దుమ్ము తప్ప ఏదీ చేరదని అందరికీ తెలుసు.

కాలం_కాపరి
ముందు తీసేసేవి.
ఆనందమఠం అచ్చయింది 1882లో, కథ మాత్రం 1770 బెంగాల్ కరువు, సన్యాసుల తిరుగుబాటు. ట్రెజర్ ఐలాండ్ 1883 పుస్తకం, కథ అంతకుముందు శతాబ్దానిది. టేల్ ఆఫ్ టూ సిటీస్ 1859లో వచ్చింది, కథ 1775లో మొదలై గిలెటిన్ దగ్గర ముగుస్తుంది. తెన్నేటి సూరి 'రెండు మహానగరాలు' తెచ్చి పెట్టినా ఇదే లెక్క. పార్వతీశం ఇటువైపు గీత దాటాడు, ఆయనది ఇరవయ్యో శతాబ్దం.
ఇంకా చేర్చబోతారేమో, ముందే చెబుతున్నా: త్రీ మస్కటీర్స్ 1625లో మొదలవుతుంది. పుష్కిన్ 'కెప్టెన్ కూతురు' పుగచోవ్ తిరుగుబాటు కథ, అంటే 1773–75. ఫ్రాంకెన్‌స్టైన్ 1818లో అచ్చయింది కానీ కథలో తేదీలన్నీ 17తోనే మొదలవుతాయి.

చివరిబెంచి
అంటే అక్క జాబితాలో తొమ్మిదింటికి నాలుగు వేరే శతాబ్దాల నుంచి వలస వచ్చినవే.

ఎర్రసిరా
కాపరి గారి కత్తెర మరీ పదును. ఆనందమఠంలో కరువు 1770దే, కానీ ఆ దేశభక్తి, ఆ ఆవేశం 1882వి. పందొమ్మిదో శతాబ్దం ఏమనుకుందో తెలియాలంటే అప్పుడు రాసినవి కూడా చదవాలి. కథాకాలం ఒక్కటే చూస్తే నిన్న మొన్న రాసిన చారిత్రక నవలకి చోటుంటుంది, బంకించంద్రుడికి ఉండదు.

కాలం_కాపరి
వాదన సరే. పిల్లవాడు మాత్రం ఆనందమఠం చదివి, పరీక్షలో సన్యాసుల తిరుగుబాటుని 1857 పక్కన పెడతాడు. పుస్తకం ఉండనివ్వండి, దాని మీద రెండు సంవత్సరాలూ వెయ్యండి.

గళ్ళరిజిస్టరు
రెండు సంవత్సరాలు వెయ్యడానికి పద్ధతి ఉంది. ముందు అట్ట లోపలివైపు పోస్టుకార్డు సైజు చీటీ ఒకటి. అందులో ఐదే వరుసలు: కథ జరిగిన కాలం, కథ జరిగిన చోటు, మొదట అచ్చయిన సంవత్సరం, పూర్తి పాఠమా సంక్షిప్తమా, ఎవరి అనువాదం. ఆరో వరుస పెడితే ఎవరూ చదవరు.
పుస్తకం వీపు మీద, అంటే అరలో బయటికి కనిపించే అంచు మీద, చిన్న చీటీ: కథాకాలం దశాబ్దం మాత్రమే, "1830లు", "1870లు" అని. కాల్ నంబరు (లైబ్రరీ వేసే గుర్తు) చీటీకి పైన అంటించండి, దాని మీద కాదు. పారదర్శక టేపు వాడొద్దు, ఏడాది రెండేళ్ళలో పచ్చబడి, జిగురు పక్కకి కారి పక్క పుస్తకానికి అంటుకుంటుంది. కాగితం చీటీ, మైదా జిగురు లేదా తెల్ల గమ్ము పల్చగా రాసి, ఆరేదాకా బరువు పెట్టాలి.
అరలో అమర్చేది రచయిత పేరు వరసలో కాదు, కథాకాలం వరసలో. అప్పుడు ఎడమ నుంచి కుడికి నడిస్తే శతాబ్దం గడిచినట్టుంటుంది. రిజిస్టర్లో నంబరు మారదు, చోటు మాత్రమే మారుతుంది, కాబట్టి ఆడిట్‌కి ఇబ్బంది లేదు. "ప్రదర్శన అర" అని ఒక ముక్క రాసి పెట్టుకోండి.

చివరిబెంచి
శతాబ్దం గడిచినట్టుంటుంది సరే, మధ్యలో ఎవడో తీసి 1890ల్లోది 1810ల్లో దూర్చేస్తాడు.

గళ్ళరిజిస్టరు
అందుకే పావు శతాబ్దానికో రంగు చొప్పున నాలుగు రంగుల చీటీలు. రంగు తప్పితే దూరం నుంచే కనిపిస్తుంది.

పాతపేజీ
కన్యాశుల్కం కొనేటప్పుడు ఏ కూర్పో చూసుకోండి. 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాదాపు తిరగరాశారు. మొదటిది ఐదంకాలు, రెండోది ఏడంకాలు. ఇవాళ అందరూ మాట్లాడుకునే గిరీశం, మధురవాణి రెండో కూర్పులోవాళ్ళు. అట్ట మీద ఏమున్నా విషయసూచికలో అంకాలు లెక్కపెట్టండి, ఏడు ఉండాలి. వెనక పదాలకు అర్థాలున్న కూర్పు అయితే మంచిది, ఉత్తరాంధ్ర మాటలకి మిగతా జిల్లాల పిల్లలు తడబడతారు.
ఇంకోటి. 1897 కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట ఉన్న ప్రతి దొరికితే వదలొద్దు. విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ లెక్క అందులో ఉంది: 1,034. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. సోషల్ పాఠానికి ఆ ఒక్క పేరా చాలు.

నల్లబల్ల
8వ తరగతికి వేశ్య పాత్ర మధురవాణి ఎందుకండీ? తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పాలి?

ఎర్రసిరా
మధురవాణిని తీసేస్తే నాటకంలో బుద్ధి ఉన్న మనిషి ఎవరు మిగులుతారు?

పాతపేజీ
ఇద్దరూ ఆగండి. పుస్తకం మొత్తం 10వ తరగతికి. 8, 9కి గిరీశం వెంకటేశానికి పాఠాలు చెప్పే సన్నివేశం, అగ్నిహోత్రావధాన్లు ఇంటి గొడవ పాత్రలు పంచుకుని బిగ్గరగా చదివిస్తే సరిపోతుంది. నాటకాన్ని కూర్చుని మౌనంగా చదవమంటే పదో పేజీలో మూసేస్తారు. గిరీశం ఇంగ్లీషు ముక్కలు నోటితో పలికితేనే నవ్వొస్తుంది.

బోయీల_పాట
ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' ఎవరూ అనలేదేం? కల్పన కాదు, కానీ అక్క అరలో మొదట ఉండాల్సింది అదే. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. 1838లో అచ్చయింది. కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, మళ్ళీ తూర్పు తీరం వెంట వెనక్కి. రైలు లేదు, పల్లకీ, బోయీలు, గుడారాలు. మజిలీ మజిలీకి ఊళ్ళో ఏం దొరుకుతుంది, నీళ్ళెలా ఉన్నాయి, ఏ దొరతనం నడుస్తోంది, అన్నీ రాశారు.
మొదటి పేజీ నుంచి చదివించకండి, వాక్యం పొడుగు, పాత వాడుక. పెద్ద మ్యాపు గోడకి తగిలించి, జట్టుకి రెండేసి మజిలీలు ఇవ్వండి. తేదీ, ఊరు, ఆయన గమనించిన ఒక్క సంగతి, అంతే రాసి మ్యాపు మీద గుచ్చాలి. మొదట తమ జిల్లా మీదుగా వెళ్ళిన భాగమే ఇవ్వాలి. తెలిసిన ఊరు పేరు కనిపిస్తేనే మిగతాది చదువుతారు. దిగవల్లి వేంకటశివరావు గారు 1941లో పరిష్కరించిన కూర్పు నుంచి వచ్చిన ప్రతి తీసుకోండి, వివరణలు అక్కరకొస్తాయి.

కాలం_కాపరి
దీని పక్కనే వెర్న్ 'ఎయిటీ డేస్' పెట్టాలి. వీరాస్వామయ్య కాశీ వెళ్ళి రావడానికి 15 నెలలు దాటింది. ఫిలియాస్ ఫాగ్ 1872 అక్టోబరు 2న లండన్లో బయల్దేరి 80 రోజుల్లో భూమి చుట్టి వస్తానని 20,000 పౌండ్లు పందెం కాశాడు. మధ్య 42 ఏళ్ళలో ఏం వచ్చిందని అడిగితే పిల్లలే చెబుతారు: ఆవిరి ఓడ, రైలు, 1869లో సూయెజ్ కాలువ.

ఇనుపపట్టా
ఆ పుస్తకంలో బొంబాయి నుంచి కలకత్తా రైలు మధ్యలో ఆగిపోతుంది. అలహాబాదు దాకా 50 మైళ్ళు పట్టాలు లేవని ఫాగ్ 2,000 పౌండ్లు పోసి ఏనుగుని కొంటాడు. అసలు సంగతేంటంటే 1870 మార్చిలోనే జబల్పూరు దగ్గర రెండు లైన్లూ కలిశాయి. 1872లో ఫాగ్ హాయిగా నిద్రపోతూ వెళ్ళొచ్చు. కథ కోసం వెర్న్ పట్టాలు పీకేశాడు.
సతీసహగమనం సన్నివేశం కూడా చెప్పి ఇవ్వాలి. 1829లోనే బెంటింక్ నిషేధించాడు. వెర్న్ దాన్ని బుందేల్‌ఖండ్ అడవుల్లోకి తోసి, ఫాగ్ ఫ్రెంచి నౌకరు పాస్‌పార్టూ చేత అవుదా అనే యువతిని రక్షింపజేశాడు. అదే కాలంలో సంస్కరణ కోసం పోరాడిన మనవాళ్ళు ఒక్కరూ కథలో కనిపించరు. తీసెయ్యమనడం లేదు, చీటీలో ఒక మాట ఉండాలి.

చివరిబెంచి
ఆ బెలూన్ ఎక్కడ ఎక్కుతాడు?

ఇనుపపట్టా
ఎక్కడా ఎక్కడు. పుస్తకంలో బెలూన్ ప్రయాణం లేదు, 1956 సినిమాలో పెట్టారు. అట్ట మీద బెలూన్ బొమ్మ ఉన్న పిల్లల కూర్పులు బోలెడు. లోపల కూడా బెలూన్ ఎక్కిస్తే అది వెర్న్‌ని కుదించింది కాదు, సినిమాని రాసింది. కొనొద్దు.

సగంపుస్తకం
కుదింపుల సంగతి వచ్చింది కాబట్టి. "సంక్షిప్తం" అని అట్ట మీద వెయ్యని ప్రచురణలు చాలా. తేలిక పరీక్ష అధ్యాయాల లెక్క. ఎయిటీ డేస్ 37, ఆలివర్ ట్విస్ట్ 53, గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ 59, బ్లాక్ బ్యూటీ 49, లిటిల్ విమెన్ రెండు భాగాలూ కలిపి 47, కౌంట్ ఆఫ్ మాంటే క్రిస్టో 117, లే మిజరాబ్ల్ 365. తక్కువ ఉంటే కోత పడ్డట్టే. సరిగ్గా ఉన్నా, పుస్తకం మరీ పల్చగా ఉంటే లోపల కోశారని అర్థం.
లిటిల్ విమెన్ విషయంలో ఇంకో తిరకాసు. కొన్ని ప్రచురణలు మొదటి భాగం (23 అధ్యాయాలు) మాత్రమే వేస్తాయి, రెండోది 'గుడ్ వైవ్స్' పేరుతో వేరేగా అమ్ముతాయి. ఒకటే కొంటే కథానాయిక జో ఏమైందని పిల్లలు మిమ్మల్ని పీక్కుతింటారు.
ట్వంటీ థౌజండ్ లీగ్స్ కొనేటప్పుడు అనువాదకుడి పేరు చూడండి. 1870ల నాటి తొలి ఇంగ్లీషు అనువాదం దాదాపు నాలుగో వంతు ఎగ్గొట్టింది. చౌక కూర్పులు ఇప్పటికీ అదే అచ్చేస్తాయి. మెర్సియర్ అని ఉన్నా, అసలు పేరే లేకపోయినా పక్కన పెట్టండి.

నల్లబల్ల
లే మిజరాబ్ల్ 365 అధ్యాయాలు ఏ పిల్లవాడు చదువుతాడు? దానికి సంక్షిప్తమే నయం కదా.

సగంపుస్తకం
అవును, దానికి సంక్షిప్తమే. వాటర్లూ యుద్ధం, మురుగు కాలువల చరిత్ర పదో తరగతికి అక్కర్లేదు. కానీ సంక్షిప్తం అని చీటీలో రాయాలి. ఇంకా, అందులో వచ్చే తిరుగుబాటు 1832 జూన్‌ది, 1789 విప్లవం కాదు. కథానాయకుడు జాన్ వాల్జాన్ జైలు నుంచి బయటికొచ్చిందే 1815లో. సగం మంది టీచర్లు దీన్ని ఫ్రెంచి విప్లవం పాఠం పక్కన చెబుతారు.

అలమార_అక్క
ఇదే కావాల్సింది. ఇంగ్లీషులో మొదట ఏది చేతికివ్వాలి? ఆలివర్ ట్విస్ట్ మొదటి పేజీలోనే వాక్యం ఆరు వరుసలుంది.

నల్లబల్ల
డికెన్స్‌తో మొదలెట్టొద్దు. బ్లాక్ బ్యూటీ (1877): గుర్రమే కథ చెబుతుంది, అధ్యాయాలు మూడు నాలుగు పేజీలు, మాటలు సులువు. షోకు కోసం గుర్రం తల పైకెత్తి కట్టేసే పట్టీ గురించి చదివాక పిల్లలు బండిగుర్రాల మీద వాదన మొదలుపెడతారు. డికెన్సే కావాలంటే 'ఎ క్రిస్మస్ కేరల్' (1843), ఐదే భాగాలు. ఆలివర్ ఆ తర్వాత. దాన్ని ఇచ్చేముందు 1834 పేదల చట్టం గురించి రెండు ముక్కలు చెప్పకపోతే పిల్లవాడు రెండోసారి గంజి అడిగితే అంత రభస ఎందుకో అర్థం కాదు.

ఎర్రసిరా
ఆలివర్లో దొంగల ముఠా నాయకుడు, యూదుడైన ఫాగిన్‌ని పేరు పెట్టకుండా మతం పేరుతో పిలుస్తూ పోతాడు. అభ్యంతరాలొచ్చాక 1867 కూర్పులో డికెన్సే చాలా చోట్ల తగ్గించాడు. ఏ కూర్పు నుంచి అచ్చేశారో ముందుమాటలో చూడండి.

కాలం_కాపరి
అదే మాట హకల్‌బెరీ ఫిన్‌కి. నల్లవాళ్ళని తిట్టే మాట 200 సార్లకు పైగా ఉంటుంది. దాన్ని మార్చి అచ్చేసిన కూర్పులూ ఉన్నాయి. నేనైతే మార్చింది కొనను. పూర్తి పాఠం 10వ తరగతికి, టీచరు ముందు చెప్పి ఇచ్చేలా. కథాకాలం మార్క్ ట్వేనే లోపలి పేజీలో వేశాడు: నలభై యాభై ఏళ్ళ కిందట అని. పుస్తకం 1884–85ది, కాబట్టి కథ 1835–45. వీపు చీటీ మీద "1840లు".

నల్లబల్ల
నేను ఒప్పుకోను. పద్నాలుగేళ్ళ పిల్లలు ఆ మాట పట్టుకుని తోటివాళ్ళని పిలవడం మొదలుపెడితే చీటీ ఏం చేస్తుంది? టామ్ సాయర్ (1876) చాలు. హక్‌ని టీచర్ల బీరువాలో పెట్టండి.

ఎర్రసిరా
టామ్ సాయర్లోనూ ఆ మాట ఉంది, తక్కువ సార్లు. పైగా అమెరికా ఆదివాసుల్ని కించపరిచే పేరుతో ఇంజున్ జో ఉన్నాడు. బీరువా మార్చినంత మాత్రాన ఏం తేలదు. బానిసత్వమే విషయమైతే సహవాసి 'ఏడు తరాలు' పెట్టండి. మూలం అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో వచ్చింది, తెలుగు కుదించిన అనువాదం. కుంటా కింటే కథ పద్దెనిమిదో శతాబ్దమే కానీ అతని కూతురు కిజీ, మనవడు కోడిపందేల జార్జి భాగాలు మన గీత లోపలే. తెలుగులో ఆగకుండా చదివించే పుస్తకం.

చివరిబెంచి
హక్ ఫిన్ వాదన ఇంకో చోట పెట్టుకుంటే అక్క అర ఈ ఏడాదే నిండుతుంది.

కథానిక
నవలలన్నీ పేర్చి కథలు మర్చిపోయారు. ఒక్క పీరియడ్లో అయిపోయేవే అరని కదిలిస్తాయి. చెహోవ్ 'వాంకా' (1886): తొమ్మిదేళ్ళ పిల్లవాడు చెప్పులు కుట్టే యజమాని దగ్గర పడే బాధలు రాసి, కవరు మీద ఊరి పేరు లేకుండా తాతయ్యకి అని పోస్టు చేస్తాడు. ఠాగూర్ 'పోస్ట్ మాస్టర్' (1891), 'కాబూలీవాలా' (1892). మొపాసా 'హారం' (1884). దోదే 'చివరి పాఠం' (1873), 1870–71 ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధం తర్వాత బడిలో భాష మారిపోయిన రోజు. ప్రేమ్‌చంద్ 'శత్రంజ్ కే ఖిలాడీ' 1924లో రాసిందే అయినా కథ 1856 అవధ్. కంపెనీ రాజ్యాన్ని మింగేస్తుంటే ఇద్దరు జాగీర్దార్లు చదరంగం ఆడుకుంటూ ఉంటారు. 1857 పాఠానికి ముందురోజు ఇదే.
ఒక్కో కథ విడి పుస్తకంగా దొరకదు, సంకలనాల్లో ఉంటాయి. సంకలనం అట్ట మీద చీటీ వేస్తే లాభం లేదు, ఆ కథ మొదటి పేజీలో కాగితం గుర్తు పెట్టి బయటికి దశాబ్దం కనిపించేలా ఉంచండి.

బోయీల_పాట
ఆత్మకథల్లో ముందు సగాలు కూడా ఇలాగే వాడొచ్చు. ప్రకాశం పంతులు 1872లో పుట్టారు, 'నా జీవితయాత్ర' మొదటి అధ్యాయాలు పరీక్ష ఫీజు కోసం పడ్డ పాట్లు, నాటకాల వేషాలు. చిలకమర్తి (1867) స్వీయచరిత్ర కూడా. కందుకూరి స్వీయచరిత్రలో 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో జరిపించిన మొదటి వితంతు వివాహం ఉంది, ఆ భాగం కన్యాశుల్కానికి జత. ఆదిభట్ల 'నా యెఱుక' మాత్రం టీచర్లకే, అందులో పెద్దవాళ్ళ సంగతులున్నాయి.

కథానిక
ఆడవాళ్ళు రాసింది ఒక్కటీ లేదు చూశారా, లిటిల్ విమెన్, బ్లాక్ బ్యూటీ తప్పితే? భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' పెట్టండి.

కాలం_కాపరి
అది 1902.

కథానిక
రెండేళ్ళకి కత్తెర తీస్తారా? ఆవిడ పుట్టింది 1874లో, రాసింది తను చూసిన ఇళ్ళ గురించే.

కాలం_కాపరి
సరే, అరకి కుడి చివర. చీటీ మీద 1902 అనే ఉంటుంది.

ఇనుపపట్టా
షెర్లాక్ హోమ్స్ ఎవరూ అనకపోవడం అన్యాయం. ఈ అరలో అందరికంటే ముందు అరిగేది అదే. 'స్పెకిల్డ్ బ్యాండ్' (1892) కథ 1883 ఏప్రిల్లో జరుగుతుంది. ఇండియా నుంచి తెచ్చిన పాము పాలు తాగుతుంది, ఈల వింటుంది, తాడు పట్టుకుని దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. సైన్సు టీచరుకి ఇచ్చి పాములో ఎన్ని తప్పులో పట్టమనండి. 'సైన్ ఆఫ్ ఫోర్' ఇస్తే అండమాన్ మనిషిని చిత్రించిన తీరు గురించి మాట్లాడాలి.
ఇలాంటి ఆటే వెర్న్‌తో ఇంకోటి. 'ట్వంటీ థౌజండ్ లీగ్స్'లో కెప్టెన్ నీమో కథ 1866లో మొదలవుతుంది. 'మిస్టీరియస్ ఐలాండ్' 1865లో మొదలై, చివర్లో ముసలి నీమో కనిపించి తాను బుందేల్‌ఖండ్ రాకుమారుడు దక్కర్‌నని, 1857లో పోరాడానని చెబుతాడు. రెండు పుస్తకాల తేదీలూ పక్కపక్కన రాయిస్తే కలవవు. లెక్కలొచ్చిన పిల్లలు వదిలిపెట్టరు.

అలమార_అక్క
కథానిక చెప్పిన కథలు ఒక్కోటి 30 కాపీలు కావాలి. సంకలనం నుంచి జిరాక్స్ తీయొచ్చా?

గళ్ళరిజిస్టరు
మన చట్టంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళు. చెహోవ్, మొపాసా, దోదే, ప్రేమ్‌చంద్ (1936), ఠాగూర్ (1941) అందరూ దాటిపోయారు. కానీ తెలుగు అనువాదం హక్కు అనువాదకుడిది, దానికి వేరే 60 ఏళ్ళు. పాఠం చెప్పేటప్పుడు టీచరు వాడుకోవడానికి చట్టంలో వెసులుబాటుంది, పుస్తకంలా కుట్టి అరలో పెట్టడానికి దాన్ని సాగదీయకండి. అరకి ఐదు ప్రతులు కొని, ఆరుగురికొకటి చొప్పున జట్లుగా చదివించండి. సోవియట్ రోజుల్లో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు పాత స్టాకులో ఉంటే జిరాక్స్ మెషీన్ మీద బోర్లించి నొక్కొద్దు, వీపు విరిగి ఫారాలు (కుట్టిన పేజీల కట్టలు) ఊడిపోతాయి. పై నుంచి ఫోనుతో ఫొటో తియ్యండి.

చివరిబెంచి
అక్కా, బోర్డు మీద ఏం రాస్తున్నారు? క్లాసిక్స్ అని మాత్రం కాదు కదా.

అలమార_అక్క
"కరెంటు రాకముందు".

కాలం_కాపరి
హోమ్స్ కాలానికి లండన్లో కరెంటు దీపాలొచ్చాయి.

చివరిబెంచి
ఈయన్ని ఎవరైనా ఆపండి.